ప్రింటబుల్ డిస్కులు: ముద్రణలోనూ రికార్డింగులోనూ వచ్చే సమస్యలు, వాటి పరిష్కారాలు

ఇంట్లో పాటలనో, వేడుకల వీడియోలనో సీడీ, డీవీడీ వంటి డిస్కుకెక్కించి, దానిపై పేరూ తేదీ చక్కగా ముద్రించుకోవాలనుకొనేవారికి ఎదురయ్యే చిక్కుల్లో చాలావాటి మూలం ప్రింటర్‌లోనూ ఉండదు, డ్రైవ్‌లోనూ ఉండదు. ఖాళీ డిస్కులు కొన్నప్పుడు పెట్టెపై ఉన్న మాటలను పూర్తిగా చదవకపోవడంలో ఉంటుంది. అందువల్ల కింది సమస్యల్లో ముందు డిస్కును అనుమానించి, ఆ తర్వాతే యంత్రాల జోలికి వెళ్లాను.

సమస్య: సిరా డిస్కుపై ఇంకదు, లేదా వేలు తగిలితే చెరిగిపోతుంది

ముద్రణ పూర్తయి డిస్కును ఉంచిన ట్రే ప్రింటర్ నుంచి బయటికి వచ్చాక అక్షరాలు తామరాకు మీద నీటిబొట్టుల్లా ముద్దలుగా నిలిచి కనిపిస్తే, ఆ డిస్కు ఇంక్‌జెట్ కోసం చేసినది కాదని దాదాపు నిశ్చయించుకోవచ్చు. ‘ప్రింటబుల్’ అన్న ఒక్క మాట ఇక్కడ చాలదు. ఇంక్‌జెట్ ప్రింటబుల్ డిస్కు పైభాగాన సిరాను పీల్చుకొనే పూత ఉంటుంది. థర్మల్ ప్రింటబుల్ డిస్కు పైభాగం వేడితో రిబ్బన్ నుంచి రంగును అంటించే ప్రింటర్లకు తగినట్లు నున్నగా ఉంటుంది. రెండూ తెల్లగానే ఉంటాయి కనుక చూపుతో తేడా పట్టుకోవడం కష్టం. లైట్‌స్క్రైబ్ డిస్కుల సంగతి మరీ వేరు: వాటిపై రాసేది ప్రింటర్ కాదు, ఆ సదుపాయం ఉన్న డ్రైవ్‌లోని లేజరే; డిస్కును బోర్లా పెట్టి బొమ్మను చెక్కించుకోవాలి, వచ్చేదీ ఒకే రంగు ఛాయల్లో వస్తుంది.

పెట్టె పారేసి, విడి డిస్కులు మాత్రమే మిగిలినప్పుడు నేను చేసే పరీక్ష ఒకటి ఉంది. వేలికొనను కాస్త తడిచేసి పైభాగంలో లోపలి అంచు దగ్గర మెల్లగా రాస్తే, ఇంక్‌జెట్ పూత ఉన్నచోట వేలు కొద్దిగా పట్టుకొన్నట్లు, జిగురుగా అనిపిస్తుంది. పూత లేనిచోట తడి అలాగే నిలిచి వేలు జారిపోతుంది.

డిస్కు సరైనదే అయినా చెరుగుతోందంటే కారణం తొందరపాటే. పైకి ఆరినట్లు కనిపించినా లోపల తడి మిగిలి ఉంటుంది కనుక, ఎండ తగలని చోట విడివిడిగా పరచి ఒక రోజంతా ఆరనివ్వాలి. ఒకసారి నేను ఆరేడు డిస్కులు ముద్రించి, పదినిమిషాలు చూసి, స్పిండిల్‌కు, అంటే డిస్కులను ఒకదానిపై ఒకటి గుచ్చి ఉంచే కడ్డీకి, తిరిగి గుచ్చి పడుకొన్నాను. పొద్దున్నే తీసి చూస్తే ప్రతి డిస్కు మెరిసే వైపునా కింది డిస్కు పేరు అద్దంలో అక్షరాల్లా తిరగబడి అంటుకొని ఉంది. అలా జరిగితే మెత్తని బట్టను మంచినీటితో తడిపి, మధ్య నుంచి అంచువైపు తిన్నగా తుడవాలి. గుండ్రంగా తుడిస్తే పడే గీత డేటా నడిచే దారి వెంటే సాగుతుంది, అది అడ్డగీతకన్నా ఎక్కువ చేటు. తడి తగిలే చోట వాడే డిస్కులైతే, నీటిని తట్టుకొనే గ్లాసీ రకం కొనడమే మేలు.

అయినా సిరా ఎక్కువగా పడుతోందనిపిస్తే ప్రింటర్ సెట్టింగులలో కాగితం రకాన్ని డిస్కుకు మార్చారో లేదో చూసి, సాంద్రతను ఒక మెట్టు తగ్గించండి.

సమస్య: బొమ్మ మధ్యలో తెల్లని వలయం, లేదా రంధ్రం చుట్టూ ఆరని సిరా

ముద్రణ పూత అన్ని డిస్కుల్లోనూ ఒకే మేర ఉండదు. మామూలు ప్రింటబుల్ డిస్కులో అది లోపల సుమారు 40 మిల్లీమీటర్లకు పైబడిన వ్యాసం దగ్గర మొదలవుతుంది. హబ్ ప్రింటబుల్ లేదా ఫుల్ ఫేస్ అని రాసి ఉన్నవాటిలో సుమారు 22 మిల్లీమీటర్ల దగ్గరి నుంచే ఉంటుంది. బయట రెండింటికీ దాదాపు 118 వరకే, ఎందుకంటే డిస్కు మొత్తం వ్యాసం 120. ప్రింటర్‌లో కొలత ఒకటి, డిస్కుది మరొకటి అయితే వలయమైనా మిగులుతుంది, పారదర్శకమైన ప్లాస్టిక్‌పై సిరా అయినా పడుతుంది. రెండోదే ప్రమాదకరం: ప్లాస్టిక్‌పై పడ్డ సిరా త్వరగా ఆరదు, డ్రైవ్ డిస్కును బిగించి పట్టుకొనేదీ ఆ మధ్యభాగంలోనే. స్కేలుతో డిస్కుపై పూత కొలిచి, ఆ అంకెలనే లేబుల్ సాఫ్ట్‌వేర్‌లో లోపలి, బయటి వ్యాసాలుగా ఇస్తే సరిపోతుంది.

బొమ్మ ఒక పక్కకు జరిగి వస్తుంటే అది డిస్కు తప్పు కాదు. ముద్రణ స్థానాన్ని సవరించే సెట్టింగు డిస్కు ముద్రణ ఉన్న ప్రింటర్లలో సాధారణంగా ఉంటుంది. పాడైపోయిన డిస్కు ఒకటి దగ్గర పెట్టుకొని కొద్దికొద్దిగా జరుపుతూ సరిచూసుకోండి.

సమస్య: ఫొటో రంగులు మసకగా, నల్లబడి వచ్చాయి

వెండిరంగు ప్రింటబుల్ డిస్కు కొని ఉంటారు. ఇంట్లో వాడే ఇంక్‌జెట్‌లలో తెల్ల సిరా ఉండదు, తెలుపంతా కింద ఉన్న ఉపరితలం నుంచే రావాలి. వెండి డిస్కుపై నల్లని అక్షరాలు ఎంతో హుందాగా ఉంటాయి కానీ, ముఖాలున్న ఫొటోలకు తెల్లనిదే వాడాలి.

సమస్య: స్టిక్కర్ వేసిన డిస్కు కొన్నాళ్లకు ఆగి ఆగి ఆడుతోంది, డ్రైవ్ గడగడమంటోంది

డీవీడీ 16ఎక్స్ వేగంలో, అంటే మూలవేగానికి పదహారు రెట్లలో, నిమిషానికి సుమారు 10,000 చుట్లు తిరుగుతుంది. కాగితపు స్టిక్కర్ వెంట్రుకవాసి పక్కకు అంటినా ఆ వేగంలో బరువు ఒకవైపుకు లాగి డిస్కు కంపిస్తుంది. కాలక్రమంలో కాగితం తేమ పీల్చి, ఆరి, ముడుచుకొని డిస్కును వంచుతుంది. అంచు లేచిందంటే డిస్కును లోపలికి లాక్కొనే డ్రైవ్‌లలో ఇరుక్కొంటుంది కూడా. చాలాకాలం దాచవలసిన డిస్కులకు అంటించే లేబుళ్లు తగవని అమెరికా ప్రమాణాల సంస్థ నిస్ట్ 2003లో వెలువరించిన మార్గదర్శిలోనూ చెప్పింది.

దీనికి పరిష్కారం స్టిక్కర్ పీకడం మాత్రం కాదు. సీడీలో డేటా ఉండే పొర, దాన్ని ప్రతిఫలింపజేసే లోహపు పూత మెరిసే వైపున లేవు, లేబుల్ వైపునే పలుచని వార్నిష్ కింద ఉన్నాయి. స్టిక్కర్‌తోపాటు అవీ ఊడివస్తాయి. డీవీడీలో డేటా 0.6 మిల్లీమీటర్ల మందం ఉన్న రెండు పలకల మధ్య ఉంటుంది కనుక కొంత రక్షణ ఉంది, అయినా పీకితే వంగే ప్రమాదం తప్పదు. కంప్యూటర్ డ్రైవ్‌లో తక్కువ వేగంతో చదివించి, ప్రతిని కొత్త ప్రింటబుల్ డిస్కుకెక్కించి, పాతదాన్ని అలాగే వదిలేయండి. సీడీపై బాల్‌పెన్నుతో నొక్కి రాయకూడదనడానికీ కారణం ఈ నిర్మాణమే. రాయాలంటే నీటి సిరా ఉన్న మెత్తని మార్కర్ వాడాలి.

సమస్య: రాసిన కంప్యూటర్‌లో ఆడుతోంది, వేరే ప్లేయర్‌లో ఆడడం లేదు

మొదట ఫైనలైజ్ చేశారా లేదా, అంటే ఇక రాసేది లేదని డిస్కును ముగించారా లేదా చూడండి. అలా ముగించని డిస్కును రాసిన యంత్రం చదవగలదు కానీ ఇతర ప్లేయర్లలో చాలావాటికి అది ఖాళీగానే కనిపిస్తుంది. రాసిన యంత్రానికే తీసుకెళ్లి ముగిస్తే పని అయిపోతుంది. ఎంపీ3లను ఫైళ్లుగా కాపీ చేసి పాత సీడీ ప్లేయర్‌లో పెడితే ఆడదు. సాఫ్ట్‌వేర్‌లో ఆడియో సీడీని ఎంచుకోవాలి, అప్పుడు ఫైళ్ల పరిమాణం ఎంతైనా 80 నిమిషాలకు మించి పట్టదు. పాత డీవీడీ ప్లేయర్లకైతే ప్లస్ ఆర్ (డీవీడీ+ఆర్) కన్నా మైనస్ ఆర్ (డీవీడీ-ఆర్), రెండు పొరలున్న డ్యూయల్ లేయర్ కన్నా 4.7 జీబీ ఒంటిపొర డిస్కు నిశ్చింత.

కంప్యూటర్‌తో పనిలేని ఆడియో సీడీ రికార్డర్ కొత్త డిస్కునే తిరస్కరిస్తుంటే, అది పాడైందనుకోకండి. ఇంటి వాడుకకు చేసిన అలాంటి రికార్డర్లు ‘మ్యూజిక్’ లేదా ‘ఆడియో’ అని గుర్తున్న సీడీ-ఆర్‌లనే (ఒక్కసారే రాయగల ఖాళీ సీడీలనే) అంగీకరిస్తాయి. వాటిలోనూ ప్రింటబుల్ రకం విడిగా అడిగి తీసుకోవాలి.

సమస్య: రాయడం పూర్తవుతుంది కానీ చివరి భాగం చదవదు

డిస్కు లోపలి నుంచి బయటి అంచుకు రాయబడుతుంది, వేగమూ సాధారణంగా అంచువైపే పెరుగుతుంది. నాసిరకం డిస్కులో లోపం అక్కడే బయటపడుతుంది. పెట్టెపై ఉన్న గరిష్ఠ వేగాన్ని పట్టించుకోకుండా డీవీడీని 8ఎక్స్‌లో రాసి, వెరిఫై చేయించండి, అంటే రాసింది సరిగ్గా ఉందో లేదో సాఫ్ట్‌వేర్‌తో చదివించి చూడండి. అయినా విఫలమైతే డిస్కు పుట్టుక చూడాలి. పైన పటారం, లోన లొటారం అన్న మాట ఈ సరుకుకు అచ్చంగా అతుకుతుంది: బ్రాండు పేరు ఒకరిది, తయారీ మరొకరిది. ఇమ్‌గ్‌బర్న్ వంటి ప్రోగ్రాములు డిస్కులోనే ముద్రితమైన తయారీ సంకేతాన్ని చూపిస్తాయి. మీ డ్రైవ్‌తో బాగా కుదిరిన సంకేతాన్ని రాసి పెట్టుకొంటే, బ్రాండు అదే అయినా సరుకు మారినప్పుడు వెంటనే తెలుస్తుంది. చాలామంది కళ్లకద్దుకొన్న జపాన్ డిస్కు తయారీ సంస్థ తైయో యూడెన్ 2015తో ఈ తయారీ మానేసింది కనుక, పాత పొగడ్తలను నమ్మి కొత్త పెట్టె కొనడం వృథా.

ముద్రణ ముందా, రికార్డింగు ముందా అన్న ప్రశ్నకూ జవాబు ఇందులోనే ఉంది. ముందు రాసి, వెరిఫై అయ్యాకే ముద్రించాలి. ముందుగా ముద్రిస్తే ట్రేలో పెట్టి తీయడంలో మెరిసే వైపున పడే వేలిముద్రా, ధూళీ రికార్డింగును చెడగొడతాయి. పైగా రాయడం విఫలమైన డిస్కుపై పోసిన సిరా దండగ.

సమస్య: ముద్ర వెలిసిపోయింది

వెలుతురు తగిలే చోట పెట్టి ఉంటారు. కరిగే రంగుల సిరా వెలుతురుకు త్వరగా వెలుస్తుంది, పిగ్మెంట్ సిరా ఎక్కువకాలం నిలుస్తుంది. అయితే సీడీ-ఆర్, డీవీడీ-ఆర్‌లలో డేటా నిలిచేది కూడా ఒక రంగుపొరలోనే కాబట్టి, పైముద్ర వెలిసిందంటే ఆ డిస్కును ముందు చదివించి చూసి, లోపల ఉన్నదాన్ని ఆ రోజే మరో డిస్కుకెక్కించి, కొత్తదాన్ని గట్టి పెట్టెలో నిలువుగా, చీకటిగా ఉండే అలమరలో పెట్టండి.