చేపల పులుసుకి కుదిరే వైన్

అమెరికాలో పిల్లల దగ్గరికి వెళ్లే మన నెల్లూరోళ్లకి ఒక మాట. న్యూయార్క్ రాష్ట్రంలోని ఫింగర్ లేక్స్ వైపు తీసుకెళితే, అక్కడి వైనరీల్లో రీస్లింగ్ అనే తెల్ల వైన్ అడగండి. చలి ప్రాంతం కాబట్టి ద్రాక్షలో పులుపు నిలిచి ఉంటుంది. మామిడికాయ వేసిన మన చేపల పులుసు పక్కన నిలబడేది ఆ పులుపున్న తెల్ల వైనే. ఘాటైన రెడ్ వైన్ పెడితే కారం ఇంకా మండుతుంది, నోరు పిడచకట్టినట్టవుతుంది.

అయితే బాగా డ్రై, అంటే తీపి లేనిది వద్దు, కాస్త తీపి ఉన్నది తీసుకోండి. చాలా రీస్లింగ్ సీసాల వెనక డ్రై నుంచి స్వీట్ దాకా ఒక గీత, దాని మీద గుర్తు ఉంటాయి. అది లేకపోతే ఆల్కహాల్ శాతం చూడండి. చక్కెరే ఆల్కహాల్‌గా మారుతుంది కదా, 8, 9 శాతమే ఉంటే సాధారణంగా తీపి మిగిలినట్టు. 12 దాటితే ఎక్కువగా డ్రైయే.

రుచి చూసేటప్పుడు డ్రైతో మొదలుపెట్టి తీపివి చివర్లో తాగండి, ముందే తీపి తగిలితే మిగతావన్నీ ఉత్త పులుపనిపిస్తాయి. గుక్క ఉమ్మేయడానికి అక్కడ పాత్ర పెడతారు, మొహమాటపడొద్దు. వక్కపొడి మాత్రం ఆ పూటకి మానేయండి.

సీసా ఇంటికి తెస్తే దయచేసి మన ఎండకి కారులో వదిలేయకండి. తెచ్చిన రోజే ఫ్రిజ్‌లో పెట్టేయండి.