నెలల తరబడి కడగని పిట్టల పంజరం: చేయి పెట్టే ముందు

వేసవి సెలవులకు ఊరెళ్తూ పిట్టలకి గింజలు వేయమని ఎవరికో చెప్పి వెళ్తాం. వాళ్లు గింజలు మాత్రమే వేస్తారు. తిరిగొచ్చేసరికి బాల్కనీలో లవ్‌బర్డ్స్ పంజరం అడుగు కనపడకుండా రెట్ట పేరుకుపోయి ఉంటుంది. లేదంటే ఇల్లు ఖాళీ చేసి వెళ్లే పక్కింటివాళ్లు "మీ పిల్లలకి పిట్టలంటే ఇష్టం కదా" అని పంజరంతో సహా మనకి అప్పజెప్పి పోతారు. వానలు మొదలైతే ఆ రెట్టకీ, కింద రాలిన గింజలకీ బూజు పడుతుంది. కాబట్టి ఎండ ఉండగానే కడిగేయాలనుకోవడం మంచి ఆలోచనే. కానీ చీపురో పాత గుడ్డో తీసుకుని పొడిపొడిగా దులపడం మాత్రం మొదలుపెట్టకండి. ఈ పనిలో మనకి హాని చేసేది ముఖ్యంగా అప్పుడు పైకి లేచే దుమ్మే.

ఎండిన రెట్టలో, ఈకల పొడిలో క్లమిడియా సిటాసై అనే బాక్టీరియా ఉండే అవకాశం ఉంది. చిలకల జాతి పిట్టల్లో ఇది ఎక్కువ. లవ్‌బర్డ్స్, కాకటీల్స్ కూడా ఆ జాతివే. పిట్ట చలాకీగా, ఆరోగ్యంగా కనిపిస్తూనే దీన్ని రెట్టలో విసర్జిస్తూ ఉండొచ్చు. ఎండిపోయిన రెట్టలో కూడా ఇది చాలాకాలం బతుకుతుంది. ఆ దుమ్ము పీలిస్తే మనకి వచ్చే జబ్బు సిటకోసిస్, ఒక రకం న్యుమోనియా. 1929 చివర్లో, 1930 మొదట్లో దక్షిణ అమెరికా చిలకల ద్వారా ఈ జబ్బు అమెరికాలో, యూరప్‌లో పాకింది. అప్పుడు దాని మీద పరిశోధన చేస్తున్న వాషింగ్టన్ ప్రభుత్వ ప్రయోగశాలలో, పిట్టల దగ్గరికే వెళ్లని ఉద్యోగులు కూడా జబ్బుపడ్డారు. గాలిలో తేలే దుమ్ముతో వచ్చే జబ్బు అలాగే ఉంటుంది. పిట్ట కరవక్కర్లేదు, మనం దాన్ని ముట్టుకోనక్కర్లేదు.

ఇది కాక, ఏళ్ల తరబడి పిట్టల దుమ్ము పీల్చేవాళ్లలో కొందరికి ఊపిరితిత్తులకి అలర్జీలాంటి వాపు వస్తుంది. పంజరం శుభ్రం చేసిన కొన్ని గంటలకి దగ్గు, ఆయాసం, ఒంటినొప్పులు వచ్చి మర్నాటికి తగ్గిపోతుంటే దాన్ని జలుబు అని వదిలేయొద్దు. అలా మళ్లీమళ్లీ అవుతుంటే ఊపిరితిత్తులు గట్టిపడిపోయే ప్రమాదం ఉంది.

అందుకే గర్భిణులు, ఆస్తమా ఉన్నవాళ్లు, రోగనిరోధక శక్తిని తగ్గించే మందులు వాడేవాళ్లు, బాగా పెద్దవయసు వాళ్లు, పిల్లలు ఈ పనికి దూరంగా ఉండాలి. ఒక మాట గట్టిగా చెప్పాలనిపిస్తోంది. పంజరాన్ని పనమ్మాయి ముందు పెట్టి "కొంచెం కడిగెయ్" అని లోపలికి వెళ్లిపోవడం చాలా ఇళ్లలో చూస్తున్నాం. ఆమె చేతిలో చీపురు తప్ప ఇంకేమీ ఉండదు. మాస్కు లేకుండా మనం చేయకూడని పని ఆమె చేతా చేయించకూడదు.

ముందు పిట్ట సంగతి

మాస్కు, గ్లౌజులు, కళ్లద్దాలు పెట్టుకున్నాకే పంజరం కదపండి. పిట్ట బెదిరి రెక్కలు కొట్టుకుంటే లేచే దుమ్ము తక్కువేం కాదు. కర్చీఫ్, సర్జికల్ మాస్కు ఈ సన్నటి దుమ్మును ఆపవు. ఎన్95 కావాలి, ముక్కు దగ్గర ఉండే క్లిప్పును నొక్కి సందు లేకుండా పెట్టుకోవాలి. గడ్డం ఒత్తుగా ఉంటే పక్కల నుంచి గాలి దూరుతుంది.

పిట్టని చేత్తో పట్టుకునే ముందు ఇంకో దారి ప్రయత్నించండి. చిన్న పంజరంలో కాసిని కొర్రలు వేసి, దాని తలుపును పెద్ద పంజరం తలుపుకి ఆనించి, పెద్దదాని మీద గుడ్డ కప్పండి. ఓపిక పడితే చాలాసార్లు పిట్ట దానంతటదే వెలుతురు వైపుకి వచ్చేస్తుంది. పట్టుకోక తప్పకపోతే తలుపులు, కిటికీలు మూసి, ఫ్యాను ఆపి, గది కాస్త చీకటి చేసి, మెత్తటి తువ్వాలుతో పట్టుకోండి. ఛాతీ మీద మాత్రం ఒత్తిడి పడనివ్వకండి. పిట్టలకి మనలా ఉదరవితానం (ఊపిరి ఆడించే, ఛాతీ కింది కండరం) ఉండదు. ఛాతీ ఎముక ముందుకీ వెనక్కీ కదిలితేనే వాటికి ఊపిరి ఆడుతుంది. గట్టిగా పట్టుకుంటే గింజుకోవడం ఆగిపోతుంది, కానీ అది శాంతించినట్టు కాదు, ఊపిరి ఆగిపోతున్నట్టు.

పిట్ట ఈకలు ఉబ్బించుకుని ముడుచుకుని కూర్చున్నా, ఊపిరి తీసినప్పుడల్లా తోక పైకీ కిందకీ ఊగుతున్నా, కళ్లు, ముక్కు కారుతున్నా, పంజరం అడుగున కూర్చుండిపోయినా ముందు పశువైద్యుడికి చూపించండి. పిట్టల షాపులో ఇచ్చే యాంటీబయాటిక్ పొడి నీళ్లలో కలపడం సరైన వైద్యం కాదు. ఎంత మందు లోపలికి వెళ్లిందో తెలియదు, చేదుకి అది నీళ్లే తాగడం మానేయొచ్చు. పంజరంలో ఉన్నది రామచిలకో మునియానో అయితే వ్యవహారం వేరు. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం మన దేశపు అడవి పిట్టల్ని పెంచడం నేరం. భయపడి గాలిలోకి వదిలేయకండి, పంజరంలో పెరిగిన పిట్ట బయట ఎక్కువకాలం బతకలేదు. అటవీశాఖ వాళ్లకి చెప్పి అప్పగించండి.

తడపడం, కడగడం

ఫ్యాను, కూలర్ ఆపేయాలి. అసలు కూలర్‌కి ఎదురుగా పంజరం ఉంచకూడదు, ఆ గాలి రెట్ట పొడిని ఇల్లంతా చల్లుతుంది. వీలుంటే గాలి లేని పొద్దున పూట డాబా మీద చేయండి. వంటింటి సింకు దగ్గర మాత్రం వద్దు. కదిపే ముందే ట్రే, అడుగు, మూలలు బాగా నానేలా సబ్బు కలిపిన నీళ్లు స్ప్రే బాటిల్‌తో మెల్లగా చల్లండి. పైపు పెట్టి జోరుగా కొడితే సన్నటి తుంపర లేస్తుంది, అదీ పీల్చకూడనిదే. వాక్యూమ్ క్లీనర్ కూడా వద్దు.

పావుగంట నానాక అడుగున వేసిన పేపర్లను లోపలికి మడుస్తూ చుట్టి, రెండు కవర్లలో వేసి మూతి కట్టేయండి. తులసికోట పక్కన కుండీలో ఎరువుగా పోయకండి. పాత కొర్రలు, కంకులు ఏవీ మిగల్చకండి. ముక్కిపోయిన గింజల మీద పెరిగే బూజు పిట్టల ఊపిరితిత్తుల్ని, గాలి సంచుల్ని పాడుచేస్తుంది, దానికి వైద్యం కష్టం. అంటుకుపోయిన రెట్టని చాకుతో పెచ్చులుగా గీకొద్దు. వేడినీళ్ల గుడ్డ వేసి ఇంకాసేపు నాననిస్తే అదే వదులుతుంది. తలుపు కీళ్లు, ట్రే జారే గాడి, గింజల గిన్నె తగిలించే కొక్కెం కింద పాత టూత్‌బ్రష్‌తో రుద్దండి. ఆ సందుల్లో ఎర్రటి సన్న పురుగులు పగలంతా దాక్కుని, రాత్రి వచ్చి పిట్ట రక్తం తాగుతాయి. అవి కనిపిస్తే సందుల్లో మరిగే నీళ్లు పోయండి, పిట్టకి మందు డాక్టర్‌నే అడగండి. బొద్దింకల స్ప్రే కొట్టారంటే పురుగుతో పాటు పిట్ట కూడా పోతుంది.

క్రిములు చంపే మందు ఈ కడగడం పూర్తయ్యాకే. రెట్ట ఉండగా బ్లీచ్ పోస్తే దాని బలమంతా ఆ మురికిలోనే ఖర్చయిపోతుంది. ద్రవరూపంలో దొరికే మామూలు బ్లీచ్ లీటరు నీళ్లకి 30 మిల్లీలీటర్లు చాలు. అప్పటికప్పుడు కలుపుకుని, పది నిమిషాలు తడిగా ఉంచి, వాసన పూర్తిగా పోయేవరకు మంచినీళ్లతో కడగండి. ఇందులో టాయిలెట్ క్లీనర్ యాసిడ్ గానీ, వెనిగర్ గానీ కలిపితే క్లోరిన్ గ్యాస్ పుడుతుంది. అమ్మోనియా ఉన్న గ్లాస్ క్లీనర్ కూడా కలపకూడదు. మూసి ఉన్న బాత్‌రూమ్‌లో అది మన ప్రాణం మీదకే వస్తుంది.

మనకి రెట్ట దుమ్ము ఎంత ప్రమాదమో, పిట్టకి మన శుభ్రం చేసే సామాను అంత ప్రమాదం. పిట్టల ఊపిరితిత్తుల్లో గాలి ఒకే దిక్కుకి నిరంతరం పారుతుంది, దాంతో గాలిలో ఉన్న విషం కూడా మనకంటే చాలా వేగంగా ఒంట్లో చేరుతుంది. బ్రిటన్ బొగ్గు గనుల్లో విషవాయువుని పసిగట్టడానికి 1986 దాకా కానరీ పిట్టల్ని ఉంచింది ఇందుకే. కాబట్టి పంజరానికి ఫినాయిల్, డెట్టాల్ వద్దు. పని అయ్యేవరకు పిట్ట వేరే గదిలో, తలుపు వేసి ఉండాలి. ఆ గదిలో అగరొత్తులు, దోమల చుట్ట, కర్పూరం, కలరా ఉండలు ఉండకూడదు. నాన్‌స్టిక్ పెనం ఖాళీగా పొయ్యి మీద మాడినా ఆ పొగకి పిట్టలు నిమిషాల్లో చనిపోతాయి.

పారేయాల్సినవి

గూడుగా వేలాడదీసే మట్టికుండని కడిగి లాభం లేదు, అది అన్నీ పీల్చుకుని ఉంటుంది. కొత్తది కొనండి. లోపల పిల్లలుంటే మాత్రం అవి ఎగిరేదాకా ఆగి, అప్పటివరకు ట్రే ఒక్కటే రోజూ మార్చండి. చెక్క కర్రలదీ అదే సంగతి. వాటి బదులు మందు కొట్టని జామ కొమ్మో వేప కొమ్మో కడిగి, ఎండబెట్టి పెట్టొచ్చు. గన్నేరు కొమ్మ పొరపాటున కూడా పెట్టొద్దు, అది విషం.

పంజరం జీఐ తీగది (జింకు పూత పూసిన ఇనుప తీగది) అయితే దాని మీద తెల్లటి పొడిలాంటిది ఉందేమో చూడండి. అది జింకు. తీగ కొరికే పిట్టలకి ఆ జింకు ఒంట్లో చేరి విషమవుతుంది. గరుకు కాగితంతో రుద్ది, మిగిలిన పెయింట్ వేసి వాడాలని చూడకండి. తుప్పు పెచ్చులు లేస్తున్న పంజరాన్ని వదిలించుకోవడమే మేలు. బాగున్న పంజరాన్ని కడిగాక ఒక పూట నిండు ఎండలో ఆరబెట్టి, చెయ్యి పెట్టి తడి లేదని చూసి, అప్పుడు పిట్టని మార్చండి.

ముందు గ్లౌజులు, చివర్న మాస్కు తీయాలి. పని మధ్యలో ఫోన్ ముట్టుకోవద్దు. బట్టలు దులపకుండా నేరుగా నానబెట్టి, సబ్బుతో చేతులు కడిగి స్నానం చేయండి.

ఆ తర్వాత రెండు వారాలు ఒంటిని గమనించుకోండి. సిటకోసిస్ సాధారణంగా 5 నుంచి 14 రోజుల్లో బయటపడుతుంది: చలిజ్వరం, తీవ్రమైన తలనొప్పి, ఒళ్లునొప్పులు, పొడిదగ్గు. వానాకాలంలో మన దగ్గర జ్వరం అనగానే డెంగ్యూ, మలేరియా, టైఫాయిడ్ పరీక్షలు రాస్తారు, అవి చేయించుకోవాలి కూడా. కానీ పిట్టల సంగతి డాక్టర్ అడగకపోవచ్చు. "ఫలానా తేదీన పిట్టల పంజరం కడిగాను" అని మీరే చెప్పండి. జబ్బు ఏమిటో తెలిస్తే డాక్సీసైక్లిన్‌లాంటి మందుతో తగ్గుతుంది, అయితే అది డాక్టర్ రాయాల్సిన మందు, షాపులో అడిగి వేసుకునేది కాదు. పంజరం ఉన్న గదిలో తిరిగిన ఇంట్లోవాళ్లకి ఎవరికి జ్వరం వచ్చినా ఇదే చెప్పాలి.