వందనాలు చెప్పిన నోటితోనే కోపమూ చెప్పుకోవాలి

మాది టంగుటూరు పక్కన పల్లె. పొగాకు వేసే ఇల్లు. మా మరిది అప్పుకి మా ఆయన హామీ సంతకం పెట్టాడు. మరిది చేతులెత్తేశాడు. నా గాజులు నాలుగూ అమ్మి మేం కట్టాం. ఆ తర్వాత ఎనిమిది నెలలపాటు ప్రతి ఆదివారం మందిరంలో తోడికోడలి పక్కనే చాప మీద కూర్చుని "వందనాలమ్మా" అని నవ్వేదాన్ని. ఇంటికొచ్చి గిన్నెలు విసిరికొట్టేదాన్ని. ఒకరోజు మా చిన్నది పాలగ్లాసు ఒలకబోసింది. లాగి కొట్టాను. బుగ్గ మీద నా వేళ్లు ఎర్రగా తేలాయి. అది ఏడవలేదు. నా మొహమే చూస్తూ మెల్లగా గోడవైపు జరిగింది. అత్త మీద కోపం దుత్త మీద చూపడమంటే ఏమిటో అప్పుడు తెలిసొచ్చింది నాకు.

అందుకే ఇది రాస్తున్నాను.

మొదట, లోపల ఉన్నదానికి పేరు పెట్టండి. మనం అన్నిటికీ "భారంగా ఉంది, ప్రార్థన చేయండి" అనేస్తాం. అది కోపమా, కుళ్లా, భయమా, అవమానమా? నాది కోపమనుకున్నాను. కూర్చుని ఆలోచిస్తే అవమానం. గాజులు పోయినందుకు కాదు, మా తోడికోడలు ఒక్కసారైనా వచ్చి "అక్కా, నీకు కష్టం తెచ్చాం" అనలేదు. పేరు దొరికాక సగం మంట తగ్గింది.

తర్వాత ఆ మాట దేవుడితో ఉన్నదున్నట్టు చెప్పండి. స్తోత్రాలతో మొదలుపెట్టాలని లేదు. 13వ కీర్తనలో దావీదు మొదటి మాటే ఎన్నాళ్లు నన్ను మరచిపోతావని అడగడం. 88వ కీర్తనైతే చీకట్లోనే ముగుస్తుంది, ఓదార్పు మాట ఒక్కటీ ఉండదు. అయినా అది మన బైబిల్లోనే ఉంది. పిల్లల్లేక ఏడుస్తూ ప్రార్థించిన హన్నా పెదవులు మాత్రమే కదిలిస్తుంటే యాజకుడైన ఏలీ ఆమె తాగిందనుకున్నాడు. ఆమె ఆ మాటకి తలొంచుకుని వెళ్లిపోలేదు, తాగలేదయ్యా, నా ఆత్మను కుమ్మరించుకుంటున్నానని చెప్పింది. ఏడిస్తే విశ్వాసం లేదనేవాళ్లకి నేనొకటే చెప్తాను. 1878 జూలై 3న మా వైపే, వెల్లంపల్లి దగ్గర గుండ్లకమ్మ ఏట్లో ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం తీసుకున్నారు. వాళ్లు కరువులోంచి వచ్చినవాళ్లు. ఏడుపు తెలియని జనం కాదు మన పెద్దలు.

నేను మా పాప పాత నోటుపుస్తకం వెనక పేజీలో రాశాను. రాస్తూ రాస్తూ తిట్లు కూడా పడ్డాయి. చదివి, పొయ్యిలో పెట్టాను.

ఇక్కడొక పెద్ద గొయ్యి ఉంది, జాగ్రత్త. మన కోపాన్ని ప్రార్థనలోకి దొంగతనంగా తేకూడదు. బుధవారం స్త్రీల కూడికలో కళ్లు మూసుకుని "ప్రభువా, అన్నల కడుపు కొట్టేవాళ్ల హృదయాలు మార్చు" అన్నాననుకోండి, అది దేవుడితో మాట్లాడటం కాదు, పక్క చాప మీద ఉన్నామెని గుచ్చడం. "ప్రార్థన మనవి" పేరుతో పదిమందికీ ఇంటి సంగతి చెప్పడమూ అంతే. నేను ఈ రెండూ చేశాను. ఇప్పటికీ సిగ్గుగా ఉంటుంది.

మత్తయి 18లో దారి స్పష్టంగా ఉంది, ముందు ఒంటరిగా వెళ్లి మాట్లాడమని. పొద్దు గుంకేలోపు కోపం వదిలెయ్యమని పౌలు అన్నాడని రాత్రి పదింటికి తలుపు కొట్టకండి. అలసిపోయి, ఆకలితో ఉన్నప్పుడు మాట తూలుతుంది. నేను ఒక పొద్దున టిఫిన్లయ్యాక వెళ్లాను. ముందే అనుకున్న రెండు మాటలే: "అమ్మాయ్, గాజులు పోయిన దగ్గర్నుంచి నిన్ను చూస్తే నాకు కడుపు రగులుతోంది. నువ్వొచ్చి ఒక్క మాట అనలేదని." మరిదిని తిట్టలేదు, వాళ్ల పుట్టింటి ఊసెత్తలేదు. తను చేతిలో చాట అలాగే పట్టుకుని నిలబడిపోయింది. "మొహం చెల్లక రాలేదక్కా" అంది. డబ్బు ఇంకా రాలేదు. మా పిల్ల మీద మాత్రం నా చెయ్యి మళ్లీ లేవలేదు. ఆ సాయంత్రమే దాన్ని ఒళ్లో కూర్చోబెట్టుకుని "తప్పు నీది కాదు, అమ్మది" అని చెప్పాను. పిల్లలకి ఈ మాట తప్పకుండా చెప్పండి.

కొట్టే మొగుడి దగ్గరికి మాత్రం ఒంటరిగా వెళ్లి మాట్లాడమని నేను ఎవరికీ చెప్పను. అక్కడ ఓర్చుకోమనడం వాక్యం కాదు. ఆడవాళ్ల సహాయ నంబరు 181కి ఫోన్ చెయ్యండి, నమ్మకమైన పెద్దల ఇంటికి వెళ్లండి.

ఇక రోజుల తరబడి నిద్ర లేకుండా, చచ్చిపోతే బాగుండుననిపిస్తుంటే అది పాపం కాదు, వైద్యం కావాల్సిన స్థితి. ప్రవక్త ఏలీయా చావాలని చెట్టు కింద పడుకుంటే దూత బోధ చెయ్యలేదు. రొట్టె పెట్టాడు, నీళ్లిచ్చాడు. ఆయన మళ్లీ పడుకుంటే రెండోసారీ లేపి తినమన్నాడు. మనసు బాగోలేనప్పుడు మాట్లాడే ప్రభుత్వ ఫోన్ సేవ టెలీ మానస్ నంబరు 14416, తెలుగులో మాట్లాడతారు, డబ్బులేం అడగరు. నేను దాన్ని బైబిలు అట్ట లోపల రాసుకున్నాను. మా కూడికకి వచ్చే ఇద్దరు అడిగి రాసుకెళ్లారు.