నానోతీగ క్వాంటం డాట్‌లో సూపర్‌కరెంట్‌ను కొలిచే విధానం

ఇండియం ఆర్సెనైడ్ నానోతీగకు రెండు వైపులా అల్యూమినియం కాంటాక్టులు వేసి, గేటు (పక్కనుండే ఎలక్ట్రోడ్) వోల్టేజీతో మధ్య భాగంలో కొద్దిపాటి ఎలక్ట్రాన్లను మాత్రమే నిలిపితే అక్కడ ఒక క్వాంటం డాట్ ఏర్పడుతుంది. అల్యూమినియం తాను అతివాహకంగా మారే సందిగ్ధ ఉష్ణోగ్రత అయిన 1.2 కెల్విన్ కంటే బాగా చల్లబడినప్పుడు, ఈ డాట్ గుండా వోల్టేజీ లేకుండానే కూపర్ జంటలు, అంటే జతకట్టిన ఎలక్ట్రాన్లు, ప్రవహించగలవు. నిరోధం లేని ఆ ప్రవాహం, అంటే సూపర్‌కరెంట్, జాడ పట్టుకోవడం ఒక పని, కొలిచిన విలువ దేనికి చెందినదో తేల్చుకోవడం మరో పని. నా దృష్టిలో శ్రమంతా రెండోదానిలోనే ఉంది.

కాంటాక్టుల నుంచి మొదలుపెట్టాలి. గాలి తగిలిన తీగపై సహజంగానే ఆక్సైడ్ పొర పేరుకుంటుంది కనుక, లోహం వేయడానికి కాస్త ముందుగా అమోనియం పాలీసల్ఫైడ్‌తో గానీ ఆర్గాన్ అయాన్లతో గానీ దాన్ని తొలగించాలి. తీగ పెరిగిన వెంటనే, గాలి తగలకుండానే దానిపై అల్యూమినియం స్ఫటిక పొరను పెంచే పద్ధతిని కోపెన్‌హాగెన్ బృందం 2015లో ప్రచురించింది. అలాంటి తీగలు దొరికితే ఈ బెడద తప్పుతుంది. పరికరాన్ని ముట్టుకునే ముందు మణికట్టుకు ఎర్తింగ్ పట్టీ కట్టుకోవడం మరవకూడదు, ఎందుకంటే చేతి నుంచి దూకే స్థిరవిద్యుత్తు ఒక్కటే తీగను కాల్చివేయగలదు.

పరికరాన్ని బయటి మీటర్లకు కలిపే తీగల మార్గంలో రొదను ఆపే ఫిల్టర్ల విషయంలో రాజీ పడకూడదు. ఒక నానోఆంపియర్ సందిగ్ధ ప్రవాహానికి (నిరోధం లేకుండా పోగల గరిష్ఠ కరెంటుకు) సరిపడే జోసెఫ్‌సన్ శక్తి, అంటే రెండు అతివాహకాలను డాట్ గుండా ముడివేసే శక్తి, సుమారు 2 మైక్రో ఎలక్ట్రాన్ వోల్టులు. దాన్ని ఉష్ణోగ్రతలోకి మారిస్తే 24 మిల్లీకెల్విన్లే అవుతుంది. పరికరాన్ని చల్లబరిచే డైల్యూషన్ రిఫ్రిజిరేటర్ థర్మామీటరు 20 మిల్లీకెల్విన్లు చూపిస్తున్నా, గది ఉష్ణోగ్రత నుంచి దిగే తీగల వెంట రేడియో పౌనఃపున్య రొద వచ్చి చేరితే ఎలక్ట్రాన్లు అంతకంటే చాలా వేడిగా ఉండవచ్చు. కాబట్టి బయట π (పై) ఆకారపు ఫిల్టర్లు, లోపల చల్లని పలకపై ఆర్‌సీ (నిరోధకం-కెపాసిటర్) ఫిల్టర్లు, రాగిపొడి ఫిల్టర్లు వరుసగా ఉంచాలి. ఈ పని సరిగా జరగకపోతే పరికరం ఎంత మంచిదైనా సూపర్‌కరెంట్ కనిపించదు, తప్పు మాత్రం నమూనాపై పడుతుంది.

చల్లబరిచాక ముందుగా అతివాహకతను పక్కన పెట్టి డాట్‌ను పరిచయం చేసుకోవాలి. పొర తలానికి లంబంగా సుమారు 100 మిల్లీటెస్లా అయస్కాంత క్షేత్రం పెడితే మామూలు మందం గల అల్యూమినియం పొర సాధారణ లోహంగా మారుతుంది. ఆ స్థితిలో గేటు వోల్టేజీని, కాంటాక్టుల మధ్య ఇచ్చే బయాస్ వోల్టేజీని మారుస్తూ వాహకతను గీస్తే కూలంబ్ వజ్రాలు, అంటే కరెంటు ఆగిపోయే వజ్రాకార ప్రాంతాలు, కనిపిస్తాయి. వాటి ఎత్తు నుంచి చార్జింగ్ శక్తి (డాట్‌లో మరో ఎలక్ట్రాన్‌ను చేర్చడానికి కావలసిన శక్తి), వాహకత శిఖరాల వెడల్పు నుంచి డాట్‌కూ కాంటాక్టులకూ ఉన్న జోడింపు బలం తెలుస్తాయి. జోడింపు అల్యూమినియం శక్తి అంతరం (కూపర్ జంటను విడదీయడానికి ఒక్కో ఎలక్ట్రాన్‌కు కావలసిన శక్తి) కంటే, అంటే సుమారు 0.18 మిల్లీ ఎలక్ట్రాన్ వోల్టుల కంటే, చాలా తక్కువైతే సూపర్‌కరెంట్ కొలవలేనంత సన్నగిల్లుతుంది. చార్జింగ్ శక్తిని మించితే డాట్ స్వభావమే చెరిగిపోతుంది. ఈ రెండింటి మధ్య గల గేటు ప్రాంతాన్ని వెతకడానికి తీరిక కేటాయించాలి.

తర్వాత క్షేత్రాన్ని సున్నాకు దించాలి. అయితే విద్యుత్ సరఫరా సున్నా చూపినంత మాత్రాన క్షేత్రం సున్నా కాదు. అయస్కాంతంలో చిక్కుకున్న శేష క్షేత్రం వల్ల అసలు సున్నా కొన్ని మిల్లీటెస్లాలు పక్కకు జరిగి ఉండవచ్చు. స్విచింగ్ కరెంట్ (వోల్టేజీ ఒక్కసారిగా పుట్టే కరెంటు) గరిష్ఠమయ్యే క్షేత్రాన్ని ఆచరణలో సున్నాగా తీసుకోవడం మేలు. బయాస్ 0.36 మిల్లీవోల్టుల వద్దా, దాన్ని పూర్ణాంకాలతో భాగించగా వచ్చే విలువల వద్దా వాహకత మారితే కాంటాక్టులు అతివాహకంగా పనిచేస్తున్నాయని నమ్మవచ్చు.

ఇప్పుడు నాలుగు తీగల పద్ధతిలో కరెంటును నెమ్మదిగా పెంచుతూ వోల్టేజీని చూడాలి. పూర్తిగా తెరుచుకున్న ఒకే క్వాంటం మార్గానికి సిద్ధాంతం సుమారు 44 నానోఆంపియర్లు అనుమతిస్తుంది, కానీ డాట్‌లలో సాధారణంగా ఒక నానోఆంపియర్‌కు అటూ ఇటూ మాత్రమే దొరుకుతుంది. సున్నా వోల్టేజీ భాగం కాస్త వాలుగా ఉంటే అది రెండు అతివాహకాల మధ్య దశ తేడా (phase difference) జారిపోతున్నదనడానికి గుర్తు, కనుక అక్కడి స్విచింగ్ విలువను సందిగ్ధ ప్రవాహంగా రాయకూడదు.

డాట్‌లో ఎలక్ట్రాన్ల సంఖ్య బేసి అయినప్పుడు జత లేని ఎలక్ట్రాన్ స్పిన్ (దాని సహజ అయస్కాంత గుణం) వల్ల సూపర్‌కరెంట్ దిశ తిరగబడవచ్చు. అయస్కాంత మలినాలున్న సంధిలో (రెండు అతివాహకాలను కలిపే చోట) ఇలా జరుగుతుందని భౌతిక శాస్త్రవేత్తలు బులయెవ్‌స్కీ, కుజీ, సోబ్యానిన్ 1977లోనే ఊహించారు. కాంటాక్టుల్లోని ఎలక్ట్రాన్లు ఆ స్పిన్‌ను చుట్టుముట్టే కొండో ప్రభావం బలపడి దాన్ని కప్పివేస్తే మాత్రం ప్రవాహం మామూలు దిశలోనే ఉంటుంది. ఒక్క సంధితో కొలిస్తే పరిమాణమే తెలుస్తుంది, దిశ తెలియదు. నెదర్లాండ్స్‌లోని డెల్ఫ్ట్‌లో వాన్ డామ్, కౌవెన్‌హోవెన్ తదితరులు 2006లో నానోతీగలతో స్క్విడ్ (రెండు సంధులున్న అతివాహక) వలయం కట్టి ఈ దిశ మార్పును చూపారు.

మీరూ డాట్‌కు సమాంతరంగా అనేక రెట్లు పెద్ద సందిగ్ధ ప్రవాహం గల సంధిని ఉంచి వలయం చేయండి. వలయ వైశాల్యం 10 చదరపు మైక్రోమీటర్లయితే క్షేత్రాన్ని మారుస్తుంటే స్విచింగ్ కరెంట్‌లో కనిపించే డోలనం ప్రతి 0.2 మిల్లీటెస్లాకు ఒకసారి పునరావృతమవుతుంది. గేటుతో డాట్‌ను సరి నుంచి బేసికి మార్చినప్పుడు ఆ డోలనం అర ఆవర్తనం మేర పక్కకు కదిలితే సూపర్‌కరెంట్ దిశ మారినట్టే. అయితే వెనక్కి మళ్లీ సరి స్థితికి తెచ్చి, డోలనం పాత చోటికే వచ్చిందో లేదో చూసుకోవాలి; రాకపోతే జరిగింది డాట్ వల్ల కాదు, క్షేత్రం మెల్లగా మారిపోవడం వల్ల.