హార్డ్ డిస్క్ పాడవుతోందని అనుమానం వస్తే ఏ పని ముందు, ఏ పని తరవాత?

శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల్లో పెళ్లిళ్ల ఫొటోలు తీసే స్టూడియోల్లోనూ, డీటీపీ సెంటర్లలోనూ, పలాస జీడిపప్పు వ్యాపారుల లెక్కల గదుల్లోనూ, బడి కార్యాలయాల్లోనూ ఏళ్ల తరబడి పోగైన సమాచారం చాలాచోట్ల ఒకే ఒక్క హార్డ్ డిస్క్ మీద ఉంటుంది. ఆ డిస్క్ ఏదో ఒకనాడు ఆగిపోవడం ఖాయం, ఎప్పుడన్నది మాత్రం ఎవరూ చెప్పలేరు. తిరిగి దక్కవలసిన డేటా కూడా దక్కకుండా పోవడానికి తరచుగా కారణమయ్యేది, అనుమానం వచ్చిన మొదటి గంటలో కంగారుగా చేసే పనులే. అందువల్ల పనుల వరస ముఖ్యం: ముందు కాపీ చేయాలి, ఆ తరవాతే పరీక్షించాలి, మరమ్మతు సంగతి చిట్టచివర చూడాలి.

వరస ఎందుకు ముఖ్యం?

హార్డ్ డిస్క్ లోపలి పలకలు డెస్క్‌టాప్ కంప్యూటర్లలో సాధారణంగా నిమిషానికి 7200 సార్లు, లాప్‌టాప్‌లలో ఎక్కువగా 5400 సార్లు తిరుగుతాయి. 7200 వేగంలో మూడున్నర అంగుళాల డిస్క్ పలక అంచు గంటకు 120 కిలోమీటర్లకు మించిన వేగంతో కదులుతుంది. సమాచారాన్ని చదివే, రాసే హెడ్ ఆ పలకను తాకకుండా కొన్ని నానోమీటర్ల ఎత్తులో తేలుతూ ఉంటుంది. మనిషి వెంట్రుక మందం సుమారు 80 వేల నానోమీటర్లు. డిస్క్ కింద పడినా, నడుస్తుండగా గట్టి కుదుపు తగిలినా, బేరింగు అరిగినా హెడ్ పలకను గీకుతుంది. గీకినప్పుడు లేచిన పొడి పలక అంతటా చేరి కొత్త గీతలు పెడుతుంది. అంటే దెబ్బతిన్న డిస్క్ తిరుగుతున్నంతసేపూ నష్టం పెరిగే ప్రమాదం ఉంది కాబట్టి, అది ఇంకా పనిచేస్తున్న కాస్త సమయాన్నీ పరీక్షలకు కాకుండా ఫైళ్లను బయటకు తెచ్చుకోవడానికే వాడాలి.

మొదటి పని: లక్షణాలను పోల్చుకోవడం

ఒక ఫోల్డర్ తెరవడానికి ఇదివరకు లేనంత సమయం పట్టడం, ఫైలు పేరు కనిపిస్తున్నా తెరుచుకోకపోవడం, కాపీ సగంలో నిలిచిపోవడం, కంప్యూటర్ ఉన్నట్టుండి బిగుసుకుపోయి కాసేపటికి కదలడం డిస్క్ చదవలేక అవస్థ పడుతున్నదనడానికి గుర్తులు. విండోస్‌లో ఈవెంట్ వ్యూయర్ తెరిచి సిస్టమ్ విభాగంలో ‘డిస్క్’ పేరుతో 7, 51, 153 సంఖ్యలున్న నమోదులు ఉన్నాయేమో చూడవచ్చు; వీటిలో 7వ సంఖ్య చదవలేని భాగం తగిలిందని చెబుతుంది. డిస్క్‌ను ఫార్మాట్ చేయాలా అని కంప్యూటర్ అడిగితే వద్దనే చెప్పాలి.

శబ్దం వేరే సంగతి. ఒకే లయలో టక్, టక్ అంటూ కొట్టుకోవడం, లోహం గీకినట్టు కిర్రుమనడం వినిపిస్తే మరేమీ ఆలోచించకుండా కరెంటు తీసేయాలి. అటువంటి డిస్క్ నుంచి ఇంట్లో కాపీ చేసే ప్రయత్నం కూడా తగదు. దాని గురించి కింద విడిగా రాశాను.

రెండో పని: కాపీ

శబ్దం లేకుండా నెమ్మదించిన డిస్క్ అయితే, వెంటనే మరో డిస్క్ తెచ్చి కాపీ మొదలుపెట్టాలి. సీ డ్రైవ్‌లోని ఫైళ్లను డీ డ్రైవ్‌లోకి మార్చి భద్రపరిచామనుకునేవారు చాలామంది ఉన్నారు. మన కంప్యూటర్లలో చాలావరకు ఆ రెండూ ఒకే డిస్క్‌లోని రెండు భాగాలు కాబట్టి డిస్క్ పోతే రెండూ కలిసే పోతాయి. గమ్యం మరో పరికరం కావాలి. కట్, పేస్ట్ వాడకూడదు. అది కాపీ అయినవాటిని పాత చోట చెరిపివేస్తూ, పాడవుతున్న డిస్క్ మీద అదనంగా రాతపని మోపుతుంది.

మళ్లీ సంపాదించలేనివి ముందు, మళ్లీ దొరికేవి తరవాత అన్న క్రమం పాటించాలి. స్టూడియోవారికైతే ఇంకా కుటుంబాలకు అందించని పెళ్లి ఫొటోలు మొదట, ఆల్బమ్ డిజైన్లు ఆ తరవాత. వ్యాపారికైతే లెక్కల సాఫ్ట్‌వేర్ డేటా ఫోల్డర్ మొదట. అది చిన్నది కాబట్టి నిమిషాల్లో అయిపోతుంది. సినిమాలు, పాటలు, సాఫ్ట్‌వేర్ ఇన్‌స్టాలర్ల జోలికి వెళ్లనక్కరలేదు. మొత్తం డిస్క్‌ను ఒక్కసారిగా ఎంచి లాగడం కంటే ఫోల్డర్ తరవాత ఫోల్డర్ తీసుకోవడం మంచిది, ఎందుకంటే ఒక ఫైలు దగ్గర కాపీ ఆగిపోయినా మిగతావి దక్కుతాయి. అలా ఆగిన ఫైలును వదిలి ముందుకు వెళ్లాలి, పదే పదే ప్రయత్నించకూడదు.

కాపీ పూర్తయ్యేదాకా, డిస్క్ తప్పులను వెతికి సరిచేసే విండోస్ ప్రోగ్రాం చెక్‌డిస్క్‌ను నడపకూడదని గట్టిగా చెబుతున్నాను. ‘ఎర్రర్లు ఉన్నాయి, సరిచేయమంటారా’ అని విండోస్ అడగగానే సరేనని నొక్కడం సహజమే, కాని చెక్‌డిస్క్ పని ఫైల్ సిస్టమ్ లెక్కను, అంటే ఏ ఫైలు డిస్క్‌లో ఎక్కడుందో చెప్పే పట్టికను, పొందికగా చేయడం, మన ఫైళ్లను కాపాడడం దాని బాధ్యత కాదు. లెక్క కుదరని నమోదులను అది తీసివేయవచ్చు, పైగా చెడు సెక్టార్ల (డేటా రాసే చిన్న గళ్ల) కోసం డిస్క్ అంతా వెతకమంటే దెబ్బతిన్న డిస్క్‌ను గంటల తరబడి శ్రమపెడుతుంది. డీఫ్రాగ్ (చెల్లాచెదురైన ఫైలు ముక్కలను ఒకచోటికి చేర్చడం), యాంటీవైరస్ పూర్తి స్కాన్, విండోస్ మళ్లీ ఎక్కించడం కూడా ఈ దశలో చేయరాదు. డిస్క్‌ను ఫ్రీజర్‌లో పెడితే పనిచేస్తుందన్న పాత చిట్కాను అసలే నమ్మవద్దు; బయటకు తీశాక చల్లబడిన డిస్క్ మీద, మన ఉక్కపోతలో, తేమ పట్టి మిగిలిన ఆశ కూడా పోతుంది.

మూడో పని: స్మార్ట్ అంకెలు చదవడం

కాపీ అయ్యాక డిస్క్ పరిస్థితిని చూడవచ్చు. ప్రతి డిస్క్ తన గురించి తాను కొన్ని లెక్కలు రాసుకుంటుంది, వాటినే స్మార్ట్ అంటారు. విండోస్‌లో క్రిస్టల్‌డిస్క్‌ఇన్ఫో, లైనక్స్‌లో స్మార్ట్‌మాన్‌టూల్స్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్‌లు వాటిని చూపిస్తాయి. క్రిస్టల్‌డిస్క్‌ఇన్ఫో చివరి నిలువు వరసలోని అంకెలను మొదట పదహారు ఆధారంగా చూపిస్తుంది కాబట్టి, ఫంక్షన్ మెనూలోని అడ్వాన్స్‌డ్ ఫీచర్‌లో రా వాల్యూస్ దగ్గర పదింటి లెక్కకు మార్చుకుంటే చదవడం తేలిక.

అన్ని వరసలూ చూడనక్కరలేదు. 5వ సంఖ్య, చెడిపోయిన సెక్టార్లకు బదులుగా కేటాయించిన సెక్టార్ల లెక్క. 197వది, చదవలేక అనుమానంలో పెట్టినవాటి లెక్క. 198వది, చదవడం సాధ్యం కాదని తేలినవాటి లెక్క. క్రిస్టల్‌డిస్క్‌ఇన్ఫోలో చివరి రెండూ సి5, సి6 పేర్లతో కనిపిస్తాయి. ఈ మూడూ సున్నా ఉండాలి. ఏదో ఒకటి సున్నా దాటితే, అందులోనూ వారం వారం పెరుగుతుంటే, ఆ డిస్క్ మీద ముఖ్యమైనదేదీ ఉంచకూడదు. గూగుల్ పరిశోధకులు లక్షకు పైగా డిస్క్‌లను పరిశీలించి 2007లో ప్రచురించిన అధ్యయనంలో, స్కాన్‌లో మొదటి తప్పు కనిపించిన డిస్క్‌లు తరవాతి 60 రోజుల్లో పాడయ్యే అవకాశం, తప్పులేవీ లేని డిస్క్‌ల కంటే 39 రెట్లు ఎక్కువని తేలింది.

199వ సంఖ్య పెరుగుతూ మిగిలినవి సున్నా ఉంటే సంతోషించవచ్చు, అది ఎక్కువగా కేబుల్ లోపం. డిస్క్‌ను మదర్‌బోర్డుకు కలిపే సాటా కేబుల్ మార్చి, రెండు చివరలూ గట్టిగా బిగించి చూడాలి. ఆ అంకె వెనక్కి తగ్గదు. ఇక పెరగకపోతే సమస్య తీరినట్టే. సీగేట్ డిస్క్‌లలో 1, 7 సంఖ్యల ఎదుట కోట్లలో అంకెలు కనిపించినా భయపడనక్కరలేదు, అవి ఆ కంపెనీ లెక్క రాసుకునే తీరు.

ఇంతా చెప్పి ఒక హెచ్చరిక చేయాలి. అదే గూగుల్ అధ్యయనంలో, పాడయిన డిస్క్‌లలో 36 శాతానికి పైగా, వేడిమిని మినహాయిస్తే, స్మార్ట్‌లో ఏ తప్పూ చూపకుండానే పాడయ్యాయి. స్మార్ట్ చెడు చెబితే నమ్మాలి, మంచి చెబితే బ్యాకప్ మానేయకూడదు. డిస్క్ పాడయ్యేలోపు నడిచే సమయమంటూ కంపెనీలు ప్రకటించే పది లక్షల గంటల సగటును కూడా ఈ దృష్టితోనే చదవాలి. పది లక్షల గంటలంటే 114 ఏళ్లు, అయితే ఏ డిస్కూ అన్నేళ్లు బతకదు; వెయ్యి డిస్క్‌లు ఏడాది పొడవునా నడిస్తే సుమారు తొమ్మిది పాడవుతాయని మాత్రమే దాని అర్థం. 2007లోనే కార్నెగీ మెలన్ విశ్వవిద్యాలయ పరిశోధకులు నిజంగా వాడుకలో ఉన్న డిస్క్‌లను లెక్కిస్తే, ఏడాదికి 2 నుంచి 4 శాతం దాకా మార్చవలసి రావడం మామూలుగా కనిపించింది.

మామూలు కాపీ సాగకపోతే

డిస్క్ కంప్యూటర్‌కు కనిపిస్తూ, శబ్దం చేయకుండా, చాలా ఫైళ్ల దగ్గర ఆగిపోతుంటే, ఫైళ్లవారీగా కాకుండా డిస్క్ మొత్తానికి ప్రతిరూపం తీసుకోవాలి. ఇందుకు లైనక్స్‌లో జీఎన్‌యూ డీడీరెస్క్యూ ఉంది. అది తేలికగా చదవగలిగే భాగాలను ముందు తీసుకుని, మొండికేసిన చోట్లను గుర్తు రాసుకుని, వాటి దగ్గరకు చివరలో తిరిగి వస్తుంది. మధ్యలో కరెంటు పోయినా, ఆ గుర్తుల ఫైలును భద్రపరిస్తే ఆగిన చోటి నుంచి కొనసాగుతుంది. ప్రతిరూపం పడే డిస్క్ అసలు దానికంటే పెద్దది కావాలి. దేని నుంచి దేనిలోకి అన్న సంగతి డిస్క్ నంబరు చూసి రెండుసార్లు సరిచూసుకోవాలి. తారుమారైతే కొత్త డిస్క్‌లోని చెత్త వచ్చి పాత డిస్క్‌లో ఉన్న డేటానంతా కప్పేస్తుంది. అలవాటు లేనివారు తెలిసినవారిని పక్కన కూర్చోబెట్టుకోవడం మేలు. ఫైళ్లను వెలికితీసే సాఫ్ట్‌వేర్ ఏదైనా ఆ ప్రతిరూపం మీదే నడపాలి.

కొట్టుకుంటున్న డిస్క్, కనిపించని డిస్క్

ఇక్కడ మన చేతి పని ఆగుతుంది. డిస్క్ మూత తెరవాలంటే ధూళి లేని ప్రత్యేక గది కావాలి. కొన్ని పెద్ద డిస్క్‌లలో గాలికి బదులు హీలియం నింపి మూసివేస్తారు కాబట్టి వాటి సంగతి ఇంకా కఠినం. మీ ఎదుటే స్క్రూడ్రైవర్‌తో మూత విప్పుతానన్న మెకానిక్ ఎంత తెలిసినవాడైనా వారించి డిస్క్ వెనక్కి తెచ్చుకోండి. అదే మోడల్ డిస్క్ సర్క్యూట్ బోర్డు మార్చితే సరిపోతుందన్న సలహా కూడా ఇప్పటి డిస్క్‌లకు చాలావరకు పనికిరాదు, ప్రతి డిస్క్‌కూ ప్రత్యేకమైన కొలతలు బోర్డు మీది చిన్న చిప్‌లో ఉంటాయి.

విశాఖపట్నంలోనో హైదరాబాదులోనో డేటా రికవరీ చేసేవారిని సంప్రదించేటప్పుడు, చూసి చెప్పడానికి ఎంత, డేటా రాకపోతే ఎంత, డిస్క్ తెరవవలసి వస్తే ఎంత అని ముందే రాతపూర్వకంగా అడగాలి. ఖర్చు వేలల్లో ఉంటుంది, కొన్నిసార్లు ఇంకా మించుతుంది కాబట్టి, అందులోని సమాచారానికి ఆ విలువ ఉందా అన్న నిర్ణయం యజమానే తీసుకోవాలి. పంపేటప్పుడు యాంటీస్టాటిక్ కవరులో పెట్టి, చుట్టూ మెత్తని చుట్టు వేసి, అట్టపెట్టెలో కదలకుండా బిగించాలి. బస్సులో తీసుకువెళ్తే లగేజీ అరలో కాకుండా ఒడిలో పెట్టుకోవడమే క్షేమం.

కరెంటు, తుపాను, రెండో ప్రతి

ఇప్పటి డిస్క్‌లు కరెంటు పోగానే హెడ్‌ను పక్కకు చేర్చుకుంటాయి కాబట్టి ఒక్క కోతతో పలకలు గీసుకుపోవు. నష్టం వేరే విధంగా వస్తుంది: సగం రాసిన ఫైలు చెడిపోతుంది, కరెంటు తిరిగి వచ్చినప్పుడు ఓల్టేజి ఎగిరితే సర్క్యూట్ బోర్డు కాలిపోతుంది. యూపీఎస్ తప్పనిసరి. ఇంటి ఇన్వర్టర్ మీద కంప్యూటర్ నడిపేవారు దాని వెనక ఉన్న మీటను యూపీఎస్ మోడ్‌లో పెట్టాలి, లేకపోతే మారే ఆ క్షణంలో కంప్యూటర్ ఆగిపోవచ్చు. గాలిలో ఉప్పు ఉండే కళింగపట్నం, భావనపాడు వంటి తీర గ్రామాల్లో ఎక్స్‌టర్నల్ డిస్క్‌ను సిలికా జెల్ పొట్లంతో మూత ఉన్న డబ్బాలో దాచడం మంచిది.

బ్యాకప్‌కు 3-2-1 పద్ధతి చెబుతారు: మూడు ప్రతులు, రెండు రకాల పరికరాలు, ఒకటి మరో ఊళ్లో. మన ప్రాంతంలో ఆ ఆఖరిదే ఎక్కువ ఆలోచించవలసినది. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను విశాఖపట్నం దగ్గర తీరం దాటి విజయనగరం, శ్రీకాకుళం జిల్లాలను కూడా కుదిపేసింది. 2018 అక్టోబరు 11న తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటినప్పుడు ఉద్దానం గ్రామాలు రోజుల తరబడి చీకట్లో ఉన్నాయి. కాబట్టి విజయనగరం వ్యాపారి రెండో ప్రతిని విశాఖలోని బంధువుల ఇంట్లో పెడితే సరిపోదు. హైదరాబాదులో ఉన్న కొడుకు దగ్గరో కూతురి దగ్గరో, లేదా క్లౌడ్‌లో ఉండాలి. సెప్టెంబరు చివరికల్లా ఆ ప్రతిని తాజా చేసుకుంటే పెద్ద తుపానుల కాలానికి ముందే పని పూర్తవుతుంది. బ్యాకప్ తీసిన డిస్క్‌ను కంప్యూటర్‌కు తగిలించి ఉంచకూడదు, ఓల్టేజి దెబ్బ గాని వైరస్ గాని రెండింటికీ ఒకేసారి తగులుతుంది. నెలకొకసారి అందులోంచి నాలుగు ఫైళ్లు తెరిచి చూడాలి.

తిరిగే పలకలు లేకుండా చిప్‌లలో డేటా దాచే ఎస్‌ఎస్‌డీ కొంటే ఈ బాధలేవీ ఉండవనుకోవడం సగమే నిజం. కుదుపులకు అది తట్టుకుంటుంది, కాని పోయేటప్పుడు తరచు చప్పుడు లేకుండా ఒక్కసారిగా పోతుంది. చెరిపిన ఫైళ్ల చోటును ఖాళీ చేసేసే ట్రిమ్ అనే ఏర్పాటు వల్ల చెరిపిన ఫైళ్లను వెనక్కి తేవడం కూడా చాలాసార్లు కుదరదు. కరెంటు తగలకుండా ఏళ్ల తరబడి అలమరాలో దాచడానికి అది తగిన వస్తువు కాదు.

కొత్త డిస్క్ పెట్టడం, పాతది తీసేయడం

కొత్త డిస్క్ కొన్న రోజునే స్మార్ట్‌లో 9వ సంఖ్య చూడాలి. అది డిస్క్ నడిచిన గంటల లెక్క, కొత్తదాంట్లో సున్నాకు దగ్గరగా ఉండాలి; వేలల్లో ఉంటే వాడిన డిస్క్‌ను కొత్తదిగా అమ్మారన్నమాట, వెంటనే తిరిగి ఇచ్చేయాలి. తరవాత, డిస్క్ తనను తాను పరీక్షించుకునే పొడవైన స్వీయపరీక్ష ఒకసారి పూర్తిగా నడిపి, 5, 197, 198 అంకెలు సున్నాలోనే ఉన్నాయని చూసుకుని అప్పుడే డేటా ఎక్కించాలి. డిస్క్ మీద కొన్న తేదీ రాసిన చీటీ అంటించండి.

పాతది వారంటీలో ఉంటే కంపెనీ మార్చి ఇస్తుంది, డేటాకు మాత్రం వారంటీ ఉండదు. ఇచ్చేముందు క్విక్ ఫార్మాట్ చేస్తే లోపలి ఆధార్ కాపీలు, బ్యాంకు పత్రాలు చెరిగిపోవు. డిస్క్ పనిచేస్తుంటే మొత్తం సున్నాలతో నింపే సాఫ్ట్‌వేర్ నడపాలి. పనిచేయని, వారంటీ తీరిన డిస్క్‌ను పాత ఇనప సామాన్ల బండికి అలాగే వేయకుండా, పలకల దాకా దిగేలా డ్రిల్‌తో రంధ్రాలు పెట్టి ఈ-వ్యర్థాలు తీసుకునేవారికి ఇవ్వాలి. లాప్‌టాప్ డిస్క్‌లలో పలకలు తరచుగా గాజుతో చేసినవి కాబట్టి ఆ పని చేసేటప్పుడు కళ్లజోడు, చేతి తొడుగులు తప్పక వేసుకోవాలి.