అద్దం మీద మచ్చ, మసక, వంకర: తుడిచే ముందు చూడవలసినవి

అద్దం మీద మచ్చ కనిపించగానే అందరి చేయీ గుడ్డ మీదికే పోతుంది. గుడ్డతో పోకపోతే తడి కాగితం, దానితోనూ పోకపోతే నిమ్మరసం, చివరికి బ్లేడు. ఇంత శ్రమ పడేవారిలో ఆ మచ్చ గాజుకు ముందు ఉందా, వెనక ఉందా అని చూసేవారు అరుదు. అది చూడకుండా మొదలుపెట్టిన ఏ మరమ్మతూ నిలవదు.

చూడటం సులువు. అద్దానికి ఎదురుగా నిలబడవద్దు. పక్కకు వచ్చి, చెంప దాదాపు గోడకు ఆనేంత ఏటవాలుగా మచ్చను చూడండి. గాజు ముందు తలం మీద ఉన్న మరక జంటగా కనిపిస్తుంది: ఒకటి అసలు మరక, రెండోది గాజు మందానికి అవతల దాని ప్రతిబింబం. వెనక పూతలో ఉన్న మచ్చ ఒక్కటిగానే ఉంటుంది. ఇంకా అనుమానమైతే పక్కనే స్కెచ్ పెన్నుతో ఒక చుక్క పెట్టి పోల్చండి. చుక్క రెండుగా, మచ్చ ఒకటిగా కనిపిస్తే గుడ్డ పక్కన పెట్టేయండి. ఎంత రుద్దినా అది పోదు.

ఎందుకు పోదో తెలియాలంటే అద్దం కట్టుబడి తెలియాలి. ప్రతిబింబాన్ని ఇచ్చేది గాజు కాదు, దాని వెనకనున్న వెండి పొర. రసాయన చర్యతో వెండిని గాజు మీదికి దింపే పద్ధతిని జర్మన్ శాస్త్రవేత్త యూస్టస్ ఫాన్ లీబిగ్ 1835లో కనుగొన్నాడు. నేటి ఇంటి అద్దాల్లో చాలావాటికి ఆ రసాయనమే ఆధారం. "పాదరసం పోయింది" అని ఇప్పటికీ అంటుంటారు గానీ ఈ అద్దాల్లో పాదరసం ఉండదు. వెండి కూడా చదరపు మీటరుకు సుమారు ఒక గ్రాము, మందం మైక్రోమీటరులో పదో వంతు. దాన్ని ప్రధానంగా కాపాడేది వెనకనున్న రంగు పూత. ఆ రంగు ఎక్కడ దెబ్బతింటే అక్కడ వెండి నల్లబడుతుంది.

మరక జంటగా కనిపిస్తోంది: ముందు తలం

తెల్లటి చారలైతే ఉప్పునీటి మరకలు. నీళ్ళు కలిపిన వెనిగర్‌లో గుడ్డ తడిపి, గట్టిగా పిండి, అంచులకు దూరంగా తుడవండి. జిడ్డుగా, ఇంద్రధనుస్సు రంగులతో ఉంటే సబ్బు లేదా హెయిర్ స్ప్రే; స్పిరిట్ చాలు. ఇందులో ఇంతకంటే చెప్పడానికేమీ లేదు.

అంచుల వెంట నలుపు, ముఖ్యంగా కింది అంచున

కారణం తడి. శుభ్రం చేసే ద్రవాన్ని నేరుగా అద్దం మీద చల్లుతారు, అది ధారగా జారి కింది అంచున నిలుస్తుంది, అక్కడి నుంచి సన్నటి సందులోకి ఎక్కుతుంది. అందులో అమ్మోనియా ఉంటే పని మరింత వేగంగా అవుతుంది. నల్లబడిన భాగం మళ్ళీ వెండిగా మారదు. పాకకుండా మాత్రం ఆపవచ్చు: అద్దాన్ని దించి, పూర్తిగా ఆరనిచ్చి, అంచుకు న్యూట్రల్ సిలికాన్ (ఆరేటప్పుడు ఆమ్లం వదలని జిగురు) సన్నగా పట్టించి, చట్రంతో కప్పేయండి. ఇకమీదట ద్రవాన్ని గుడ్డ మీద చల్లుకోండి, అద్దం మీద కాదు.

అంచులు శుభ్రంగానే ఉన్నాయి, మధ్యలో నల్లటి మచ్చలు

అసలు తలనొప్పి ఇదే. కొత్త అద్దం, మంచి గాజు, నీళ్ళు తగలని గది. బిగించిన కొన్ని నెలలకు మధ్యలో గోధుమరంగు నీడలు మొదలై నల్లగా తిరుగుతాయి. అమ్మినవారు బిగించినవారిని అంటారు, బిగించినవారు గోడ తేమ అంటారు, ఇంటివారు అద్దం నాసిరకం అనుకుని అదే పద్ధతిలో ఇంకో అద్దం పెట్టిస్తారు. అదీ అలాగే పోతుంది. ఈ గొలుసులో నిజంగా తప్పు చేసింది ఒక జిగురు గొట్టం. దాని పేరు ఎవరి నోటా రాదు.

మచ్చల ఆకారం చూడండి. తేమ వల్ల వచ్చినవైతే అడ్డదిడ్డంగా, ఎక్కువగా ఒక మూల నుంచి పాకుతాయి. జిగురు వల్ల వచ్చినవి వరుస తప్పవు: దాదాపు సమాన దూరంలో గుండ్రటి మచ్చలు, లేదా పైనుంచి కిందికి నిలువు పట్టీలు, ఒక్కోసారి చేతితో గీసినట్టు మెలికల గీత. సిలికాన్‌ను గొట్టం నుంచి వెనక ఎలా పెట్టారో, అచ్చం ఆ బొమ్మే ముందుకు తేలుతుంది.

సిలికాన్ జిగుర్లు ప్రధానంగా రెండు రకాలు. మొదటిది ఆరుతున్నంతసేపు అసిటిక్ ఆమ్లం వదిలేది. ముక్కు దగ్గర పెడితే ఘాటైన వెనిగర్ వాసన. రెండోది న్యూట్రల్ రకం, ఆ పులుపు ఘాటు ఉండదు. మొదటిది చవక, త్వరగా ఆరుతుంది, గాజుకు అద్భుతంగా అంటుకుంటుంది. చేపల తొట్టెలు అతికేదీ సాధారణంగా ఈ రకమే. గొట్టం మీద "గాజుకు" అని రాసి ఉంటుంది కాబట్టి అద్దానికీ పనికొస్తుందని అనుకుంటారు. కానీ అద్దం వెనక మీరు అతికిస్తున్నది గాజుకు కాదు, రంగు పూతకు. ఆ పూత వెనకే వెండి ఉంది.

పైగా ఈ జిగురు ఆరడానికి గాలిలోని తేమ కావాలి. బయట గీసిన గీతకు తేమ నలుదిక్కుల నుంచీ అందుతుంది, ఆమ్లం గాలిలో కలిసిపోతుంది. అద్దానికీ గోడకూ మధ్య నలిగి పరుచుకున్న ముద్దకు తేమ అంచుల నుంచి మాత్రమే చేరుతుంది. నడిభాగం చాలాకాలం పచ్చిగానే ఉండి, నెమ్మదిగా ఆమ్లం వదులుతూ ఉంటుంది. ఆ ఆమ్లానికి బయటికి దారి లేదు. రంగులోకి, దాన్ని దాటి వెండిలోకి దిగుతుంది. అందుకే మచ్చ మొదటి వారంలో కనిపించదు, అందరూ జిగురును మరచిపోయాక కనిపిస్తుంది.

నిర్ధారణకు అద్దం పక్క అంచున బయటికి ఉబికిన జిగురు ఉంటే కోసి వాసన చూడండి. పాతబడితే వాసన ఉండకపోవచ్చు. అప్పుడు మచ్చల వరుసే సాక్ష్యం. మిగిలిన గొట్టం ఇంట్లో ఉంటే దాని మీది అక్షరాలు చదవండి. "అసిటాక్సీ" అనో "అసిటిక్" అనో ఉంటే విషయం తేలిపోయినట్టే. ఏమీ రాయకపోతే కాగితం మీద కొంచెం పిండి వాసన చూడండి.

మచ్చ పడిన అద్దాన్ని బాగుచేయలేం. వెనక వెండి రంగు పూసుకోమనే సలహాలు వినవద్దు. అక్కడ ప్రతిబింబం రాదు, బూడిదరంగు పట్టీ వస్తుంది. మార్చడమే దారి, మార్చేటప్పుడు ఇవి పాటించండి. పాత జిగురును గోడ నుంచి పూర్తిగా గీకండి. కొత్తగా గిలాబా లేదా సున్నం వేసిన గోడైతే బాగా ఆరేదాకా ఆగండి, ఆ తడిలోని క్షారం కూడా పూతకు శత్రువే. అద్దాలకు పనికొస్తుందని స్పష్టంగా రాసి ఉన్న న్యూట్రల్ జిగురు తీసుకోండి. చుక్కలుగానో చుట్టూ మూసిన గీతగానో కాకుండా, మధ్య మధ్య ఖాళీ వదిలి నిలువు గీతలుగా పెట్టండి. అద్దాన్ని గోడకు అదిమేయకుండా వెనక కొన్ని మిల్లీమీటర్ల సందు ఉంచండి. పెద్ద అద్దమైతే జిగురు ఒక్కదాన్నే నమ్మవద్దు, కింద ఆసరా పట్టీ కావాలి. జిగురుతో పనే లేకుండా క్లిప్పులతో బిగించగలిగితే ఇంకా మంచిది.

సన్నగానో లావుగానో చూపిస్తోంది

పై నుంచి కిందికి ఒక దారాన్ని గాజును తాకేలా బిగువుగా పట్టి చూడండి. దారానికీ దాని ప్రతిబింబానికీ మధ్య ఎడం అంతటా ఒకేలా ఉంటే అద్దం సమతలం. మధ్యలో ఎడం పెరిగితే అద్దం లోపలికి వంగింది. మనిషి పొడవుగా, సన్నగా కనిపిస్తాడు. గాజు మీవైపు ఉబ్బితే పొట్టిగా, లావుగా. కారణం చాలాసార్లు గోడ ఎగుడుదిగుడు మీద స్క్రూలు అతిగా బిగించడమే, సగం చుట్టు వదులు చేసి మళ్ళీ చూడండి. 3 మిల్లీమీటర్ల పలుచటి గాజును నిలువెత్తుగా గోడకు ఏటవాలుగా ఆనిస్తే తన బరువుకే వంగుతుంది. దానికి వెనక గట్టి పలక కావాలి, లేదా 5 మిల్లీమీటర్ల గాజు.

ఎంత వెనక్కి జరిగినా పాదాలు కనిపించవు

కనిపించవు. నిటారుగా ఉన్న సమతల అద్దంలో వెనక్కి జరిగితే మారేదేమీ లేదు. కింది అంచు మీ కళ్ళ ఎత్తులో సగానికి మించకూడదు, అంతే. 170 సెంటీమీటర్ల మనిషికి కళ్ళు 158 దగ్గర ఉంటే, అద్దం 79 నుంచి 164 సెంటీమీటర్ల దాకా, అంటే 85 సెంటీమీటర్ల పొడవు చాలు. కింది అంచును ఇంట్లో పొట్టివారి కొలతతో, పై అంచును పొడగరి కొలతతో పెట్టండి. గోడకు ఏటవాలుగా ఆనించిన అద్దంలో మాత్రం వెనక్కి జరిగేకొద్దీ పాదాలు ఇంకా జారిపోతాయి. దాన్ని నిటారు చేయండి.

వంకర అద్దాలు, వాహనాల అద్దాలు

గడ్డం గీసుకునే పుటాకార (లోపలికి వంగిన) దర్పణంలో ముఖం తలకిందులైతే మీరు దాని నాభ్యంతరానికి, అంటే అద్దం నుంచి ఎండ ఒకచోట చేరే బిందువు దాకా ఉన్న దూరానికి, అవతల ఉన్నారు, ముందుకు రండి. రెట్ల సంఖ్య పెరిగేకొద్దీ ఇంకా దగ్గరికి రావాలి. ఈ అద్దాన్ని ఎండపడే కిటికీ దగ్గర ఉంచవద్దు. కర్టెన్ మీద గోధుమరంగు గీత కనిపిస్తే అది మరక కాదు, కాలిన గుర్తు. కారు పక్క అద్దంలో వెనక బండి దూరంగా అనిపించడం లోపం కాదు, కుంభాకార (బయటికి ఉబ్బిన) దర్పణం చిన్నదిగా చూపిస్తుంది. కారు లోపలి అద్దం పగలు మసకగా ఉందంటే ముందు కింది మీట చూడండి. రాత్రి వెనక బండ్ల వెలుగు తగ్గించడానికి తిప్పి, అలాగే వదిలేసి ఉంటారు. ఆ స్థితిలో మీరు చూసేది గాజు ముందు తలం నుంచి వచ్చే సుమారు 4 శాతం వెలుతురునే.

స్నానాల గదిలో ఆవిరి పడితే ఒక చుక్క గిన్నెల సబ్బు ద్రవాన్ని పలుచగా రాసి, పొడిగుడ్డతో మెరిసేదాకా తుడవండి. కొన్నాళ్ళు ఆగుతుంది.

అద్దానికి గోరు ఆనించినప్పుడు గోరుకూ దాని ప్రతిబింబానికీ మధ్య సందు లేకపోతే అది అవతలి నుంచి ఎవరో చూసే అద్దమన్న పరీక్షను నమ్మవద్దు. పూత ముందుందా వెనకుందా అన్నదే అది చెబుతుంది. టెలిస్కోపు అద్దానికి పూత ముందే ఉంటుంది కాబట్టి దాన్ని గుడ్డతో తాకవద్దు, దుమ్మును గాలితో మాత్రమే ఊదండి.