కాలేజీ రేడియోకి పది నిమిషాల కార్యక్రమం చేయడం ఎలా?

ఒడిశాలో బరంపురం, పర్లాకిమిడి, రాయగడ వైపు చదువుకునే తెలుగు పిల్లలకు రోజంతా మూడు భాషల్లో గడుస్తుంది. క్లాసులో ఇంగ్లీషు, క్యాంటీన్లో ఒడియా, ఇంటికి ఫోన్ చేస్తే తెలుగు. మైకు ముందు కూర్చోగానే మాత్రం చాలామంది "శ్రోతలకు హృదయపూర్వక నమస్సుమాంజలులు" అంటూ మొదలుపెడతారు. ఆ టెన్షన్ అక్కర్లేదు. కాలేజీ రేడియోలు కమ్యూనిటీ రేడియో (చుట్టుపక్కల జనం కోసం నడిచే చిన్న స్టేషన్) కిందికే వస్తాయి. ఆ నిబంధనలే కార్యక్రమాలు వీలైనంతవరకు స్థానిక భాషలో, యాసలో ఉండాలంటున్నాయి. జహీరాబాద్ దగ్గర మాచునూరులో 2008లో మొదలైన సంఘం రేడియోను దళిత మహిళలు తమ పల్లె మాటలోనే నడిపారు. మీ ఇంటి తెలుగు కూడా రేడియోకి పనికొస్తుంది.

విషయం ఎంచుకోవడం

"పర్యావరణ పరిరక్షణ" అని పెట్టుకుంటే పది నిమిషాలూ పాఠమే అవుతుంది. మీరు రోజూ నడిచే దారిలో వెతకండి: పట్టుచీరలు నేసే వీధి, హాస్టల్ మెస్, ఇచ్ఛాపురం నుంచి రోజూ వచ్చిపోయే స్నేహితుడి ప్రయాణం. ఇక్కడ ఉదాహరణకి ఫైలిన్ తుపానును తీసుకుందాం. 2013 అక్టోబర్ 12 రాత్రి అది గోపాల్‌పూర్ దగ్గర తీరం దాటింది. గాలి వేగం గంటకు 200 కిలోమీటర్లు. ఇప్పుడు డిగ్రీ చదివేవాళ్లు అప్పటికి చిన్నపిల్లలు. ఇంట్లో పెద్దవాళ్లకు మాత్రం అంతా గుర్తే.

ఒక్క జాగ్రత్త. కమ్యూనిటీ రేడియోలో సొంతంగా వార్తలు చెప్పకూడదు, ఆకాశవాణి వార్తల్ని మార్చకుండా ప్రసారం చేసుకోవచ్చు. అందుకని నిన్నటి కాలేజీ ఎన్నికల గొడవ జోలికి పోవద్దు.

మాట్లాడించడం

కార్యక్రమం నిలబడేదీ పడిపోయేదీ ఇక్కడే. "మామ్మా, భయమేసిందా?" అని అడిగితే "వేసింది" అని ఊరుకుంటుంది. "గాలి మొదలయ్యేసరికి ఎక్కడున్నావు మామ్మా? ముందు ఏది ఎగిరిపోయింది? ఆ రాత్రి ఏం తిన్నారు? కరెంటు ఎన్నాళ్లకొచ్చింది?" అని అడగండి. కంటితో చూసింది, చెవితో విన్నది అడిగితే మాట దానంతటదే వస్తుంది. అడిగాక నోరు మూసుకోవడం కష్టమే. కానీ జవాబు అయిపోయిందనిపించాక ఇంకో నాలుగు సెకన్లు ఆగితే, అసలు సంగతి అప్పుడే బయటపడుతుంది. "ఊఁ, ఊఁ" అనొద్దు, తల ఊపితే చాలు.

మధ్యలో ఒడియా మాట దొర్లితే సరిదిద్దకండి. పక్కింటాయన పూర్తిగా ఒడియాలోనే మాట్లాడితే, మొదటి వాక్యం ఆయన గొంతులోనే వినిపించి, తర్వాత ఆ గొంతు తగ్గించి సారాంశం తెలుగులో మీరు చెప్పండి. మాటకు మాట అనువదిస్తే వినేవాళ్లకు విసుగు.

రికార్డింగ్

మంచి మైకు లేకపోయినా ఫోన్ చాలు. ఎయిర్‌ప్లేన్ మోడ్‌లో పెట్టండి. ఫ్యాన్, ఫ్రిజ్ ఆపండి (తర్వాత ఫ్రిజ్ వేయడం మర్చిపోతే ఇంట్లో తిట్లు తప్పవు). ఫోన్‌ను నోటికి జానెడు దూరంలో, కాస్త పక్కకు పట్టుకోండి. ఎదురుగా పెడితే ప, బ, భ పలికినప్పుడల్లా గాలి కొట్టి డబ్‌డబ్‌మంటుంది. పది సెకన్లు రికార్డ్ చేసి, ఇయర్‌ఫోన్‌తో విన్నాకే అసలు మాట మొదలుపెట్టండి. పేరు చెప్పమని, రేడియోలో వేయడానికి ఒప్పుకున్నట్టు చెప్పమని అడిగి, అది కూడా రికార్డ్ చేసుకోండి. చివర్లో అందరూ మాట్లాడకుండా ఉండి, ఖాళీ గది చప్పుడు అర నిమిషం తీసుకోండి. ఎడిటింగ్‌లో అవసరమవుతుంది.

రాయడం, కత్తిరించడం

మొత్తం విన్నాకే రాయండి, అదీ మీరు చెప్పాల్సిన నాలుగు ముక్కలే. పైకి చదువుతూ గడియారం చూసుకోండి. ఊపిరి అందని వాక్యాన్ని రెండు చేయండి.

ఎడిటింగ్‌కి అడాసిటీ అనే సాఫ్ట్‌వేర్ ఉచితంగా దొరుకుతుంది. ముందు అసలు ఫైలుకు కాపీ తీసి పెట్టుకోండి. తర్వాత ఆ ఖాళీ గది చప్పుడును నమూనాగా చూపించి, అందులోని నాయిస్ రిడక్షన్ (వెనక చప్పుడు తగ్గించేది) వాడండి. ఎక్కువ వాడితే గొంతు నీళ్లలోంచి వచ్చినట్టుంటుంది. తడబాట్లు తీసేయండి గానీ, మామ్మ తలచుకుంటూ ఆగిన చోట ఆ నిశ్శబ్దం ఉంచండి. సినిమా పాటలు వద్దు, హక్కుల చిక్కు. హాస్టల్లో డప్పు కొట్టే మిత్రుడుంటే అతని చేత అర నిమిషం వాయించుకోండి.

అందజేయడం

ఫైలుకు "ఫైనల్", "ఫైనల్ కొత్తది" అని కాకుండా తేదీ, విషయం, మీ పేరు పెట్టండి. ప్రసార సమయం ఇంట్లో ముందే చెప్పండి. ఈ స్టేషన్ల ట్రాన్స్‌మిటర్ మామూలుగా 50 వాట్లది, పది కిలోమీటర్ల చుట్టుపక్కలకే వినిపిస్తుంది. బరంపురంలో వేసింది ఇచ్ఛాపురంలో ఉన్న పెద్దమ్మకు అందదు. ఆమెకు వాట్సాప్‌లో పంపాల్సిందే.